గోడ అవతలి పిల్ల

ఆమె పోయిన సంగతి నాకు చెప్పిన మనిషికి ఆమె పేరు కూడా తెలియదు. కొత్తకోటలో మా ఇంటికి చీరల మూటతో వచ్చిన నేతమనిషి అతను. మాట మా చౌటుప్పల్ పక్కదని పోల్చుకుని, మా ఊరు తెలుసా అన్నాను. తెలుసన్నాడు. సాలోళ్ల వాడకట్టులో బురుజు దగ్గరి ఇంటామె ఎట్లా ఉందని అడిగాను.

"వంకరచెయ్యి అవ్వనా? పొయ్యింది గదమ్మ, మొన్న ఎండకాలంల" అన్నాడు చీర మడత విప్పుతూ. "మీకేమైతది?"

"మాది పక్కిల్లు" అన్నాను.

అతను చీర అంచు నా ఒళ్లో పరిచాడు. అది ఏ రంగో ఇప్పుడు నాకు గుర్తులేదు.

నేను కూడా ఆమె పేరు రాయడం లేదు. నలుగురిలో పేరు పెట్టి పిలవడం ఆమెకు గిట్టేది కాదు. ఎవరైనా వీధిలో గట్టిగా పిలిస్తే వంగి రాయి తీసేది. "పేరు ఊరంత ఇనాల్నా? ఏమే అంటె పలుకుతలేనా?" అనేది. అందుకని నేను ఆమెను 'ఏమే' అనేదాన్ని. ఆమె నన్ను 'దూదీ' అనేది.

మేము దూదేకులవాళ్లం. ముసల్మానులమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయినకు నమాజు సగమే వచ్చు. మిగతా సగం అల్లాకే తెలుసులే అని నవ్వేవాడు. ఆయన వింటితో పత్తి ఏకి దూది చేసేవాడు. ఆ దూదిని గోడ అవతల ఆమె తల్లి రాట్నం మీద వడికేది. ఆమె తండ్రి, అన్న మగ్గం నేసేవాళ్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే మట్టిగోడ. మా అమ్మ గత్తరలో, అంటే కలరాలో, పోయినప్పుడు నేను ఇంకా చంక దిగని పిల్లను. నాకు తలంటింది, పేలు చూసింది, జ్వరమొస్తే పక్కన పడుకున్నది ఆ గోడ అవతలి అమ్మే. మా ఇంట్లో తినడం వాళ్ల కులానికి ఒప్పు కాదు. అయినా మా నాయిన పండుగకు చేసిన పాయసం గోడ సందులోంచి అటు పోయేది. గిన్నె కడిగి, ఖాళీగా పంపకూడదని, అందులో గుప్పెడు ఉడికించిన గుడాలు వేసి ఇటు తోసేవాళ్లు.

ఆమె ఎడమచేతి మనిషి. ముద్ద కూడా ఎడమచేత్తోనే ఎత్తేది. తల్లి ఎన్నోసార్లు గరిటె తిరగేసి కొట్టింది. కొట్టినంతసేపు కుడిచేత్తో తిని, తల్లి అటు తిరగగానే మళ్లీ ఎడమకు వచ్చేది. నూలు తెగితే కత్తెర వెతికేది కాదు, పళ్లతో కొరికేది. నడిచేటప్పుడు దారిలో ఏదైనా అడ్డముంటే చుట్టు తిరిగి పోయేది కాదు, దాటేది. పడుకున్న బర్రెనైనా సరే. ఏ సంగతి చెప్పినా "అయితేంది?" అనేది. పాము కనిపించిందన్నా అంతే, గడి దొర ఊళ్లోకి వచ్చాడన్నా అంతే. నాకు ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. పెద్దవాళ్లకు ఒళ్లు మండేది.

జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో మా ఇద్దరినీ పటేలు చేను కావలికి పంపేవాళ్లు. మంచె మీద ఆమె, కింద నేను. నేను రాళ్లు ఏరి పైకి అందించేదాన్ని. మిగిలిపోయిన నూలుపోగులు పేని ఆమె తనే రాళ్లు విసిరే ఒడిసెల అల్లుకుంది. ఎడమచేత్తో తలచుట్టూ తిప్పి వదిలిందంటే రాయి ఎటు పోతుందో పిట్టకు తెలిసేది కాదు గాని ఆమెకు తెలిసేది. చచ్చిన పిట్టలను చూసి నేను ఏడిస్తే, "పిట్టలు తిన్న గింజలకు మనల్ని కొడ్తరే. పిట్ట సచ్చుడు మంచిదా, మనం దెబ్బలు తినుడు మంచిదా?" అని అడిగింది. జవాబు కోసం నిజంగానే ఆగింది.

ఆమె ఎట్లాంటిదో ఊరికంతా తెలిసింది గడి ముందర. దొర ఉండే గడికి మేము అందరం వెట్టి చేయాల్సిందే. సాలోళ్లు పండుగకు బట్టలు ఊరికే నేసివ్వాలి. ఒక ఏడు ఆమె తండ్రికి చలిజ్వరం వచ్చి బట్ట ఆలస్యమైంది. గడి జవాను వచ్చి ఆయనను ఈడ్చుకుపోయాడు. గడి వాకిట్లో ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. అది ఆ రోజుల్లో మామూలు శిక్ష. బండ జారితే కొరడా. ఊరివాళ్లు దూరంగా నిలబడి చూసి, తల వంచుకుని పోయేవాళ్లు.

ఆమెకు అప్పుడు పదేళ్లుంటాయేమో. నేను కొంగు పట్టుకుని ఆపుతుంటే విదిలించుకుని పోయి, తండ్రి పక్కన తనూ అట్లాగే వంగింది. చేతులు కాలివేళ్లకు ఆనించింది.

"ఏం పోరి, ఆటలా?" అన్నాడు జవాను.

"నాకు గూడ పెట్టు" అంది.

"ఏం పెట్టాలె?"

"బండ."

జవాను నవ్వాడు. నవ్వులాటకే ఒక రాయి తెచ్చి ఆమె వీపు మీద పెట్టాడు. కాసేపట్లో ఏడ్చి లేచిపోతుందనుకున్నాడు. ఆమె లేవలేదు. తండ్రి వంగిన చోటి నుంచే బతిమాలాడు, "పో బిడ్డ, నీ కాల్మొక్త పో" అని. ఆమె ముక్కులోంచి నెత్తురు కారి ముందరి మట్టిలో పడుతోంది. చూస్తున్నవాళ్లు ఈసారి తల వంచుకుని పోలేదు. ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు. జవానుకు ఏం చేయాలో తోచక "లే పోరి, లే" అని కాలితో తన్నాడు. పడింది. లేచి మళ్లీ అట్లాగే వంగింది, రాయి తనే ఎత్తి వీపు మీద పెట్టుకోబోయింది. అంతలో దొర బగ్గీ ఎక్కడానికి బయటికి వచ్చాడు. ఆడపిల్ల ముఖం నిండా నెత్తురు, వాకిలి నిండా జనం. "పొద్దుగాల పొద్దుగాల గీ అపశకునమేందిర? ఎల్లగొట్టు రెండింటిని" అన్నాడు. తండ్రీకూతుళ్లు ఇంటికి వచ్చారు.

మరునాడు ఆమె నడుము ఎత్తలేకపోయింది. నేను నువ్వుల నూనె కాచి రుద్దుతూ, నొయ్యలేదా అన్నాను. "నొచ్చింది. అయితేంది?" అంది. తండ్రి నడుము మాత్రం మళ్లీ నిలబడలేదు. ఆయన మగ్గం ముందు కూర్చోలేక, మంచంలో పడి, ఆ మరుసటేడు పోయాడు.

పీర్ల పండుగకు మా అన్న పట్టుబట్టలు చుట్టిన పీరును ఎత్తేవాడు. మా అన్న మెతక మనిషి. మేకపిల్లను కోసినా ఆ పూట అన్నం తినేవాడు కాదు. కాని పీరు ఎత్తితే మాత్రం కళ్లు ఎర్రబడేవి, నిప్పుల గుండం చుట్టూ ఊగిపోయేవాడు. పీరు వీధిలోకి వచ్చినప్పుడు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఎత్తినవాడి కాళ్ల మీద పోసేవాళ్లు. ముందు నీళ్లు పోయడానికి ఆమె మోచేతులతో అందరినీ నెట్టేది. మా అన్న ఆమెను చెల్లె అనేవాడు. నాకు గాజులు తెస్తే ఆమెకూ తెచ్చేవాడు. అవి ఆమె చేతికి రెండు రోజులు కూడా నిలిచేవి కావు.

పెళ్లీ అట్లాగే నిలవలేదు. అత్తగారింట్లో మొగుడు చెంప మీద కొట్టాడు. ఆమె తిరిగి కొట్టింది. బండి కట్టి పుట్టింటికి పంపారు. బండి దిగుతూనే గోడ మీంచి నన్ను పిలిచి, "వచ్చిన" అంది. అంతే. ఆ తరువాత అన్న మగ్గం పక్కనే తండ్రి మగ్గం మీద తనూ నేయడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఊళ్లు రెండుగా చీలాయి. దొరకు వెట్టి చేయం, సర్కారుకు లెవీ గింజలు ఇవ్వం అని సంగం వచ్చింది. ఆమె అన్న సంగంలో చేరాడు. ఇంకోవైపు సర్కారు రాజ్యాన్ని మేమే నిలబెడతామని ఖాకీ బట్టలు వేసుకున్న మూకలు లారీల్లో తిరగడం మొదలైంది. మా ఊళ్లో వాళ్లను ఖాకీలోళ్లు అనేవాళ్లు. ముసల్మాను ఇంటికి ఒక మనిషి రావాలని వాళ్ల హుకుం.

మా నాయిన దండం పెట్టాడు. "మేం దూదేకులోళ్లం సాబ్. మాకు లడాయి తెల్వదు."

"నమాజు చదువుతవా లేదా?" అన్నాడు వచ్చినవాడు.

"చదువుత."

"అయితె కొడుకును పంపు. లేకుంటె నువ్వు వాళ్లల్ల కలిసినట్టె."

అన్నను లారీ ఎక్కించుకుపోయారు. పొయ్యేటప్పుడు ఏడ్చాడు. కాని తిరిగి వచ్చినప్పుడు ఏడుపు లేదు. ఒంటి మీద ఖాకీ, చేతిలో లాఠీ. అంతదాకా మా అన్నను ఎవరూ "మీరు" అనలేదు. ఇప్పుడు కోమటి అరుగు దిగి సలాం కొట్టాడు. అన్న ముఖంలో కనిపించిన ఆ వెలుగును నేను చూశాను. ఆమె కూడా చూసింది. గోడ దగ్గరికి పిలిచి, అతని చొక్కా చేయి రెండు వేళ్లతో నలిపి చూసింది, నేతమనిషి గదా.

"బట్ట గట్టిగనే ఉంది" అంది. "ఇప్పెయ్యి అన్న."

అన్న నవ్వాడు. "ఇప్పితె సంపుతరు చెల్లె."

"ఇప్పకుంటె నువ్వు సంపుతవ్."

అన్న నవ్వు ఆగిపోయింది. ఇంట్లోకి వచ్చాడు.

కొన్ని నెలలకు, ఒక పొద్దున, లారీ సాలోళ్ల వాడకట్టులోకి వచ్చింది. ఖాకీలోళ్లు దిగి ఇండ్లల్లో దూరారు. మగ్గాల మీది పడుగులు కత్తులతో కోశారు. గింజల గుమ్ములు కూల్చారు. ముందు నడిచింది మా అన్న. నేను గోడ సందులోంచి చూస్తున్నాను. లాఠీ ఎత్తి వాళ్ల తలుపు చూపించాడు. చూపించి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆమె అన్నను బయటికి ఈడ్చారు. సంగపోళ్ల జాడ చెప్పమని తుపాకి మడమలతో కొట్టారు. అతను చెప్పలేదు. ఆమె అప్పటికే ఒడిసెల తీసుకుని ఇంటి కప్పు మీద ఉంది. మొదటి రాయికి ఒకడి కన్ను పోయింది. రెండో రాయికి ఇంకొకడు పళ్లు ఉమ్ముకుంటూ కూలబడ్డాడు. మూడోది తిప్పేలోపు ఇద్దరు నిచ్చెన ఎక్కి ఆమెను జుట్టు పట్టి కిందికి తోశారు. ఆమె చూస్తుండగానే తన అన్నను బొడ్రాయి దగ్గర నిలబెట్టి కాల్చారు. తరువాత ఆమె ఏ చేత్తో విసిరిందని అడిగారు.

"గీ చెయ్యి" అని ఎడమచేయి ఆమే చూపించింది.

ఆ చేతిని వాకిట్లో రోలు మీద పెట్టించి, మోచేతి మీద తుపాకి మడమతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. ఆమె అరవలేదు. అరిచింది వాళ్లమ్మ.

మా నాయిన శవం మోయడానికి పోతే వాడకట్టువాళ్లు నెట్టివేశారు. ఆయన ఇంటికి వచ్చి దూది కుప్పలో ముఖం దాచుకుని పడుకున్నాడు. ఎముకలు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలతో ఆమె చేయి కట్టాడు. అది వంకరగానే అతికింది.

మరునాడు నేను గోడ దగ్గరికి పోయి పిలిచాను. చాలాసేపటికి వచ్చింది. ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది.

"మీ ఇల్లు చూపించింది మా అన్నే" అన్నాను.

"ఎర్కే. సూసిన."

"నీకు తెల్వదేమో అనుకున్న."

"నువ్వు చెప్తవా లేదా అని సూసిన" అంది. "చెప్పినవ్. ఇగ పో."

ఆ తరువాత ఆమె నాతో మాట్లాడలేదు. గోడ సందును అటువైపు నుంచి మట్టి పెట్టి పూడ్చారు. బావి దగ్గర ఆడవాళ్లు నా చేద తాడు లాగి పారేసేవాళ్లు. ఒకనాడు నేను ఖాళీ బిందెతో తిరిగి వస్తుంటే ఆమె ఎదురొచ్చింది. మంచిచేయి ఒక్కదానితో తన బిందె నడుము మీంచి దించి, నా బిందెలోకి వంచింది. సగం నీళ్లు నేల పాలయ్యాయి. నా ముఖం వైపు చూడకుండా మళ్లీ బావికి పోయింది.

గునుగు పూసే కాలంలో యూనియన్ మిలిటరీ వచ్చింది. రాజ్యం పోయిందన్నారు. ఖాకీలోళ్లు లారీలు వదిలేసి పారిపోయారు. మా అన్న అడవిపందిలా పొలాల వెంట పడి ఇంటికి వచ్చి, ఖాకీ బట్టలు పొయ్యిలో పెట్టి, దూది గదిలో దూరాడు. "నేను ఎవల్ని సంపలేదు నాయిన" అని పదేపదే అన్నాడు. నాయిన అతని తల నిమురుతూ కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం గుంపు వచ్చింది. మా ఊరివాళ్లు కొందరు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎక్కువ. గొడ్డళ్లు, బరిసెలు. ముందు మసీదు ఊడ్చే ముసలాయన ఇంటికి పోయారు. ఆయనెవరికీ ఏమీ చేసినవాడు కాదు. ఆయననూ భార్యనూ నరికి దిగుడుబావిలో వేశారని కేకలు మాదాకా వచ్చాయి. అంతలో మా గోడ మీద ఆమె తల కనిపించింది.

"దూదీ. ఇటు రా."

నెలల తరువాత నన్ను పిలిచింది. నేను నాయిన వైపు చూశాను. "పో బిడ్డ" అన్నాడు. ఆయన వాకిలి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నేను గోడ ఎక్కాను. ఆమె మంచిచేత్తో నన్ను లాగి అటు పడేసింది. నా వెనకే అన్న కూడా దూకాడు.

వాళ్లవి గుంత మగ్గాలు; వాళ్లన్నది పూడ్చేశారు, ఆమెది ఒక్కటే మిగిలింది. నేసేవాళ్లు అంచు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వేలాడేసి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఆమె నన్ను మెడ పట్టి ఆ గుంతలోకి తోసింది. ముడుచుకుంటే ఒక్క మనిషి పడుతుంది. అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. నా తల గుంత అంచుతో సమంగా ఉంది గనుక నాకు ఇద్దరూ కనిపించారు.

"నేను, చెల్లె?" అన్నాడు.

ఆమె అతనివైపు చూసింది. ఆ గదిలో ఒక అటక ఉంది. మేం చిన్నప్పుడు దాగుడుమూతలాటల్లో ఇద్దరమూ పట్టేవాళ్లం.

"నీకు జాగ లేదు" అంది.

అన్న పెరటి తలుపు తీసుకుని పరుగెత్తాడు. ఆమె మగ్గం ముందు కూర్చుని, నా వీపు మీద కాళ్లు పెట్టి, పైన ఉన్న సగం బట్టను మంచిచేత్తోనే నేయడం మొదలుపెట్టింది.

ఆ తరువాతవన్నీ నేను విన్నవే. మా వాకిలి తలుపు విరిగింది. నాయిన "అయ్యా" అన్నాడు, రెండోసారి అనలేదు. పెరటి సందులో అన్నను పట్టుకున్నారు. అతను చాలాసేపు అరిచాడు. నేను లేవబోయాను. ఆమె మడమ నా మెడ మీద పడి నన్ను కిందికి నొక్కింది. పైన మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె ఆగలేదు.

ఇంట్లోకి వచ్చినవాడు ఆమె మేనమామ. గుంపును నడిపించింది ఆయనేనని తరువాత తెలిసింది. గొంతు రొప్పుతోంది.

"నీ అన్న పగ తీర్చిన బిడ్డ" అన్నాడు. "ఇగ ఆ పొల్ల మిగిలింది. ఎటువాయె?"

"గీ ఇంట్లనే ఉంది" అంది ఆమె.

నేను మోకాళ్లలో ముఖం దాచుకున్నాను.

"ఏడ?"

"సచ్చింది నీకు మేనల్లుడు. నాకు అన్న. చెయ్యి ఇరిగింది నాది. నీకంటె నాకే ఎక్కువ లెక్కుంది మామ. దాని సంగతి నేను సూస్కుంట. నాకు ఇడ్సిపెట్టు."

"ఆడమనిషివి, ఒంటిచేత్తో ఏం జేస్తవ్?"

"ఏమన్న జేస్త. నువ్వు అడ్డం రాకు."

గది మూలన వాళ్లమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. మేనమామ అటు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. అది ఏడుంది?"

రాట్నం ఆగలేదు. నా తలకు నూనె రాసిన మనిషి, కొడుకును పోగొట్టుకున్న మనిషి, దారం తీస్తూనే ఉంది. ఆయన అడిగిన మాట మళ్లీ అడిగాడు. దారం తీస్తూనే ఉంది. చివరికి ఆయన గొడ్డలి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఆమె కాళ్లు నా వీపు మీంచి తీయలేదు. నన్ను కాపాడటానికి ఆ మాటలు చెప్పిందో, నిజంగానే పగ తీర్చుకోవడానికి నన్ను తన కోసం ఉంచుకుందో నాకు తెలియలేదు. చీకటి పడకముందే గుంపు పక్క ఊరికి పోయింది. అప్పుడు నన్ను జుట్టు పట్టి పైకి లేపింది.

"లే. తవ్వాలె" అంది.

నాయిన వాకిట్లో ఉన్నాడు. అన్నను సందులోంచి ఇద్దరం ఈడ్చుకొచ్చాం. అతని ముఖం గుర్తుపట్టేట్టు లేదు. ఆమె మగ్గం మీది బట్టను పళ్లతో కొరికి, చించి, సగం సగం చేసి ఇద్దరి మీద కప్పింది. మా పెరట్లో పత్తి ఆరబెట్టే జాగాలో తవ్వాం. ఆమె ఒంటిచేత్తో పార పట్టి, కాలితో తొక్కి మట్టి ఎత్తింది. నేను నాయినను మోస్తున్నప్పుడు ఆమె తల పట్టింది. అన్నను దించేటప్పుడు కాళ్లు పట్టింది. చదవాల్సిన మాటలు నాకు సగమే వచ్చు. అవే చదివాను. ఆమె చేయి కట్టుకుని పక్కన నిలబడింది.

తెల్లారి నాకు తన చీర కట్టి, నుదుట బొట్టు పెట్టి, చౌటుప్పల్ దాకా నడిపించింది. దారిలో మిలిటరీవాళ్లు లారీ ఆపి, ఎవరని అడిగారు. "మా చెల్లె. మాట రాదు" అని చెప్పింది. నిజంగానే నాకు చాలా రోజులు మాట రాలేదు. మహబూబ్‌నగర్ పక్కకు పోయే మూటల లారీలో నన్ను ఒక ముసలామె పక్కన కూర్చోబెట్టింది. కొత్తకోటలో మా మేనత్త ఉందని ఆమెకు తెలుసు. లారీ కదిలేదాకా రోడ్డు మీద నిలబడింది.

నాకు పెళ్లయింది. బడిపంతులు నన్ను చేసుకుని, అక్షరాలు నేర్పాడు. పిల్లలు పుట్టారు. కొన్నేళ్లకు, నాయిన సమాధి చూడాలని, ఒక్కదాన్నే మా ఊరు పోయాను. మా ఇంటి కప్పు కూలిపోయింది. పెరట్లో మాత్రం రెండు దిబ్బలకూ చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి, గడ్డి పీకి ఉంది. నేను అక్కడ నిలబడి ఉండగా గోడ అవతల తలుపు చప్పుడైంది.

వచ్చింది. చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లకు పోసింది. పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి పిసికి, ఒంటిచేత్తోనే రొట్టె కొట్టడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ పోయిందట. తరువాత నేనే అడిగాను. అన్ని ఏళ్లుగా నన్ను తినేస్తున్న మాట.

"అటక ఉండె గదనే."

"ఉండె" అంది.

"మరి మా అన్నను ఎందుకు ఎక్కించలే?"

ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. "చెయ్యి లేవలే" అంది. "నిన్ను గుంతల తోసేటప్పుడు లేచింది. వాని దిక్కు లేవలే. లేపుదామని సూసిన. లేవలే. ఇంకేం చెప్పాల్నే నీకు?"

నేను ఆమె చెంప మీద కొట్టాను. నా బలమంతా పెట్టి కొట్టాను. ఆమె తల పక్కకు తిరిగి, పొయ్యిగడ్డకు తగిలింది. పెదవి చిట్లి నెత్తురు వచ్చింది. రెండో దెబ్బకు నా చేయి లేచింది. ఆమె కదలలేదు. కళ్లు కూడా ఆర్పలేదు. కొట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా చేయి అట్లాగే కాసేపు గాలిలో ఉండి, కిందికి దిగింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. వాళ్లను పూడ్చిన రోజు రాని ఏడుపు. పొయ్యిలో చితుకులు బూడిదయ్యేదాకా ఏడ్చాను.

ఆమె పెదవి కొంగుతో తుడుచుకుంది. రొట్టె తుంచి, మీద ఉప్పుకారం వేసి, పళ్లెం నా ముందుకు జరిపింది.

"తిను" అంది. "సల్లారుతాంది."

తిన్నాను.